పిల్లి ఇల్లెందుకు మారింది అని అడిగిన టీచరమ్మ

ప్రియులారా, ముందుగా ఒక ప్రశ్న. మీ ఇంటి గోడకి అవతల ఈ పూట ఎవరు భయపడుతున్నారో మీకు తెలుసా? పక్కింటివాళ్ళది ఏ ఊరో తెలుసు. ఎంత అద్దె కడతారో తెలుసు. సాయంత్రం టీవీలో ఏ సీరియల్ పెడతారో గోడలోంచి వినపడుతుంది కాబట్టి అదీ తెలుసు. నేను అడిగేది వాళ్ళ భయం సంగతి. తెలియకపోతే ఈ పేజీ తిప్పేయకండి. తెలిసీ ఊరుకుని ఉంటే అసలే తిప్పకండి.

మా టీచరమ్మ గారు పోయారు. ఆటోనగర్‌లో మా షెడ్డులో లారీ కింద పడుకుని బోల్టు బిగిస్తుంటే జేబులో సెల్లు మోగింది. చేతుల నిండా గ్రీజు, తీయలేదు. ఆగి మళ్ళీ మోగింది. పామర్రు నుంచి ఒక ఆడపిల్ల గొంతు. టీచరమ్మ గారు తెల్లవారి నమాజుకి లేచి, అక్కడే పక్కకి ఒరిగిపోయారట. "మేం ముగ్గురం బయల్దేరుతున్నాం అంకుల్" అంది ఆ పిల్ల.

"మీరు రావద్దమ్మా" అన్నాను నేను.

ఏడుపు ఆ తర్వాత వచ్చింది. ముందు వచ్చింది ఆ మాట. చావు కబురు విన్న మనిషి ఓదార్చకుండా, ఎలా జరిగిందని అడగకుండా రావద్దని ఎందుకన్నాడో, ఈ నాలుగు పేజీలు చదివితే మీకే తెలుస్తుంది. వాళ్ళు నా మాట వినలేదు. వచ్చారు. జనాజా సందులోంచి కదిలినప్పుడు నేను పాడెను చూడాల్సింది పోయి జనం మొహాలు చూస్తున్నాను. ఒక మనిషి వచ్చాడేమోనని. వాడు రాలేదు. వచ్చి ఉంటే ఏం చేసేవాడినో ఇప్పటికీ నాకు తెలియదు.

భయపడకుడి అని దేవుని వాక్యంలో ఎన్నిసార్లు ఉందో మైకు పట్టుకుని అరిచిన నోరే ఇది. ఇప్పుడు ఒక సంగతి చెబుతాను, వినండి. ఆ మాట దేవుడు ధైర్యవంతులకి చెప్పలేదు. వణుకుతున్నవాళ్ళకే చెప్పాడు. వణుకుతున్నవాడు ఒకడు ఎదురుగా ఉన్నాడని ఆయనకి ముందు కనపడింది, ఆ తర్వాతే ఆ మాట అన్నాడు. మనకి కనపడదు. నేరుగా మాట అనేస్తాం.

ఈ చూపు నాకు నేర్పింది ఏ బైబిలు కాలేజీ కాదు. నేను ఏడో తరగతి తప్పినవాడిని. నేర్పింది మా టీచరమ్మ గారు. ఆవిడ ముస్లిం. నేను క్రైస్తవ బోధకుడిని. ఇందులో ఎవరికైనా ముల్లు గుచ్చుకుంటే గుచ్చుకోనివ్వండి.

వన్ టౌన్‌లో కొండ కింద సందు మాది. ఒకే పెంకుటిల్లుని మూడు వాటాలు చేసి అద్దెకిచ్చారు. నడి వాటా ఆవిడది, చివరి వాటా నాది. భర్త కాలం చేశాక ఆవిడ ఒక్కతే ఉండేది. ఆవిడ అన్నగారి కొడుకు అప్పుడప్పుడూ వచ్చి చూసి వెళ్ళేవాడు. మున్సిపల్ స్కూల్లో తెలుగు చెప్పేది. ముస్లిములు అయ్యుండి తెలుగు టీచరు ఎలా అయ్యారండీ అని ఎవరైనా అడిగితే ఒకటే జవాబు. "మా నాన్న ఉర్దూలో ముద్దు చేశాడండీ, బజారు తెలుగులో తిట్టింది. తిట్టిందే బాగా వంటబట్టింది."

శనివారాలు సాయంత్రం నేను మర్నాటి ప్రసంగం గోడకి చెప్పుకునేవాడిని. గొంతు పెద్దది. వాక్యం మొదలుపెడితే ముగింపు దాకా ఊపిరి తీసుకోను. ఒకరోజు గోడ అవతల నుంచి పిలిచింది.

"ఏమయ్యా బోధకుడా, మీ దేవుడికి చెవుడా?"

"లేదండీ."

"అయితే కామా దగ్గర ఆగు. ఆయన్ని కూడా కాస్త ఊపిరి తీసుకోనీ."

అలా మొదలైంది మా స్నేహం. ఆవిడని రక్షణలోకి తేవాలని నేను చాలాకాలం కష్టపడ్డాను, దాచుకోను. అల్లం టీ గ్లాసు చేతికిచ్చి, "నన్ను రక్షించడం తర్వాత చూద్దువు గాని, ముందు పేరా చివరిదాకా చదువు" అనేది. నేను చదివేవాడిని. పదాలు మింగేస్తే మళ్ళీ చదివించేది. పిల్లల కాంపోజిషన్లు దిద్దేటప్పుడు ఆవిడ ఎక్కడా తప్పు అని రాసేది కాదు. పక్కన చిన్న ప్రశ్నార్థకం గీసేది. ఎందుకండీ అంటే, "తప్పని రాస్తే ఆ పిల్ల ఆలోచించడం మానేస్తుంది. ప్రశ్న పెడితే రాత్రి నిద్ర పట్టదు" అనేది. నా జీవితంలోనూ అలాంటి ప్రశ్నార్థకాలు చాలానే గీసి వెళ్ళింది.

ఇంకో సంగతి కూడా మీరు తెలుసుకోవాలి. ఆవిడ పిరికి మనిషి. ఉరుము ఉరిమితే చెవులు మూసుకుని గది మూలకి నక్కేది. బల్లి కనపడితే మా ఆవిడని కేకేసేది. రోడ్డు దాటాలంటే ఎవరిదైనా చెయ్యి కావాలి. చనిపోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు వాళ్ళని వీరుల్ని చేసేస్తాం. నేను చెయ్యను. చేస్తే ముందు ముందు నేను చెప్పబోయే దానికి విలువ ఉండదు.

ఇక జంతువుల సంగతి. బోధకుడన్నాక జంతువు దొరికితే వదలడు. నా దగ్గర అన్నిటికీ తాళంచెవులుండేవి. గొర్రె అంటే విశ్వాసి. మేక అంటే తీర్పు రోజున ఎడమచేతి వైపు నిలబడేవాడు. పాము ఎవరో చెప్పనక్కరలేదు. నక్క అంటే టక్కరి రాజు, పావురం అంటే ఆత్మ, సింహం అంటే సందర్భాన్ని బట్టి ప్రభువైనా కావచ్చు, సాతానైనా కావచ్చు. చీమ అంటే కష్టజీవి. సోమరీ, చీమ దగ్గరికి వెళ్ళి నేర్చుకో అన్నాడు కదా జ్ఞాని అయిన రాజు.

చీమ మాట విని ఆవిడ నవ్వింది. "మా గ్రంథంలోనూ ఆ రాజున్నాడు, చీమా ఉందయ్యా. కాకపోతే ఆ చీమ మాట్లాడుతుంది. రాజుగారి సైన్యం వస్తోంది, తెలియక మిమ్మల్ని తొక్కేస్తారు, ఇళ్ళల్లోకి పొండి అని తోటి చీమలకి చెబుతుంది. మీ చీమ పని నేర్పుతుంది, మా చీమ హెచ్చరిస్తుంది. రెండూ ఒకే చీమ. ఇప్పుడు చెప్పు, చీమ దేనికి గుర్తు?"

అప్పుడు ఆవిడ చెప్పిన మాట నా గ్రంథం అట్ట లోపల రాసుకున్నాను. "జంతువు దేనికి గుర్తు అని అడిగే ముందు, అది దేనికి భయపడుతోందో అడుగు. భయం లేని జంతువు ఉండదు. భయం దొరికితే అర్థం దానంతటదే నడిచి వస్తుంది."

ఆదివారం మా కూటం అయ్యాక, మధ్యాహ్నం ఎండ తగ్గే వేళకి ఆవిడ అరుగు మీద కథ చదివే అలవాటు ఉండేది. ట్యూషన్ పిల్లలు కొందరు, బియ్యం ఏరుకుంటూ, పూలు కట్టుకుంటూ సందులో ఆడవాళ్ళు కొందరు, మెట్టు మీద నేను. వారపత్రికల్లో పడిన కథల్లోంచి ఆవిడకి నచ్చింది ఒకటి కత్తిరించి ఉంచేది. ఒకరు చదవాలి. చదివాక ఆవిడ ఒక ప్రశ్న అడుగుతుంది. సందు మొత్తం దాన్ని నములుతుంది. పరీక్ష లేదు, మార్కులు లేవు.

పదేళ్ళ పైమాట ఇది. ఆ రోజు చదివింది పిల్లి కథ. ఎవరు రాశారో గుర్తులేదు. ఒక పిల్లి ధాన్యం వ్యాపారి ఇంటి అటక మీద నాలుగు పిల్లల్ని పెడుతుంది. మర్నాటి నుంచి వాటిని నోట కరచుకుని ఇల్లు మారుస్తూ ఉంటుంది. ఒక ఇంట్లో శుభమంటారు, పాలు పోస్తారు. ఒక ఇంట్లో అపశకునమంటారు, చీపురు విసురుతారు. ఒకావిడ పెరుగు దొంగిలించిందంటుంది. ఒకాయన దీనికి నిలకడ లేదని తిడతాడు. చివరి ఇంటికి వచ్చేసరికి పిల్లి దగ్గర రెండు పిల్లలే ఉంటాయి. అక్కడితో కథ ఆగిపోతుంది.

పదో తరగతి పిల్ల ఒకతె ముందు చెయ్యెత్తింది. "టీచర్, పిల్లి దొంగతనానికి ప్రతీక." గైడులో అలాగే ఉంటుంది. మినప్పప్పు ఏరుతున్న పెద్దామె, కాదమ్మా, తల్లి ప్రేమకి అంది. ఇంకొకామె, నిలకడలేని మనిషికి అని, సందు చివర ఇంట్లో ఉండే అమ్మాయి వైపు చూసి నవ్వింది. మిగిలినవాళ్ళూ నవ్వారు.

ఆ అమ్మాయి సంగతి చెప్పాలి. పేరు రాయను. మిరపకాయల గొడౌన్‌లో కాయలు ఏరే పనికి వెళ్ళేది. ఒక కూతురు, ఒక కొడుకు. భర్త లారీ డ్రైవరు, నాలుగేసి రోజులు ట్రిప్పుల మీద పోతాడు. మా సంఘంలో అతనికి మంచి పేరు. డోలక్ వాయిస్తే స్తుతి పాటకి రెక్కలు వచ్చేవి. అందరినీ బ్రదర్ అని నవ్వుతూ పిలుస్తాడు. ఇక ఆ అమ్మాయి మాత్రం ఎవరికీ అంతుపట్టేది కాదు. పిల్లల్ని ఒకరోజు టీచరమ్మ ట్యూషన్‌లో వదిలేది, ఒకరోజు పిన్ని ఇంట్లో, ఒకరోజు మందిరంలో ఉపవాస ప్రార్థనకని, ఇంకో వారం వేరే సంఘంలో. అందుకే సందులో ఆమెకి పేరు పెట్టారు. పిల్లి ఏడిళ్ళు తిప్పినట్టు పిల్లల్ని తిప్పుతోంది, దీనికి ఇల్లు పట్టదు అని.

నా వంతు వచ్చింది. నేను అప్పటికే నా తాళంచెవుల గుత్తి అంతా వెతికాను. ప్రియులారా, మన గ్రంథంలో గాడిద ఉంది, చిరుతపులి ఉంది, నేల మీద పాకే పురుగు దాకా అన్నీ ఉన్నాయి. పిల్లి లేదు. మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా ఎక్కడా నాకు కనపడలేదు. ఆ మాటే చెప్పాను.

టీచరమ్మ కళ్ళజోడు సవరించుకుంది. "మంచిదయ్యా. దీనికి నీ దగ్గర తాళం లేదు గనక, ఈ ఒక్కదాన్ని నువ్వు చూడక తప్పదు." తర్వాత అందరి వైపూ తిరిగి అడిగింది. "పిల్లి ఇల్లెందుకు మారుస్తోంది? కథలో ఉంది. ఎక్కడుందో చెప్పండి."

పిల్లల వాసన పోవడానికన్నారు. అలవాటన్నారు. అప్పటిదాకా మాట్లాడని ఆ అమ్మాయి తల దించుకునే చెప్పింది.

"గండుపిల్లి ఉందండి. మొదట్లో ఒక్కసారే వచ్చింది. గోడ మీద ఎండకి పడుకుని ఉంది అని ఒక్క వాక్యం. మళ్ళీ ఎక్కడా లేదండి."

చదివిన పిల్ల కాగితం వెనక్కి తిప్పింది. ఉంది. మొదటి పేరాలోనే ఉంది. మేమంతా దాన్ని వాతావరణం అనుకుని దాటేశాం. గండుపిల్లి పిల్లల్ని చంపుతుందని మనలో తెలియనివాళ్ళు ఎవరు? తెలుసు. తెలిసీ దాటేశాం, ఎందుకంటే అది ఏమీ చెయ్యడం లేదు. హాయిగా పడుకుని ఉంది.

టీచరమ్మ మొహం తెల్లబోయింది. నేను చూశాను. మెల్లగా, ఇవాళ్టికి చాలు, పిల్లలకి ఆకలేస్తుంది అని అందర్నీ పంపించేసింది. ఆ అమ్మాయిని మటుకు ఉండమంది. నన్ను కూడా.

ఆమె ఏం చెప్పిందో అంతా రాయను. కూతురి ఎడమ చెయ్యి మోచేతి దగ్గర వంకరగా అతుక్కుని ఉండేది. మెట్ల మీద పడ్డానని ఆ పిల్ల మా అందరికీ చెప్పింది. చెప్పడం నేర్పారు. భర్త ట్రిప్పు నుంచి వచ్చే రోజు ముందే తెలుస్తుంది. ఆ రోజుకి పిల్లలు ఇంట్లో లేకుండా చూసుకుంటుంది. ఒకే చోట వరసగా రెండుసార్లు పెట్టదు, పెడితే కనిపెడతాడు. స్టేషనుకి వెళ్ళింది. కాపురమన్నాక గొడవలుంటాయి, సర్దుకోండి అని పంపించేశారు. ఈసారి బండి ఎక్కేటప్పుడు అతను నవ్వుతూ ఒక మాట చెప్పి వెళ్ళాడట. తిరిగి వచ్చాక ముగ్గుర్నీ బందరు కాలవకి తీసుకెళతానని. ఈత నేర్పిస్తానని.

"నవ్వుతూ చెబితేనే చేస్తాడండి" అంది ఆ అమ్మాయి.

ఆ ముగ్గురూ ఆ పూట నుంచి టీచరమ్మ వాటాలోనే ఉన్నారు. ఆవిడకి పామర్రులో ట్రైనింగ్ నాటి స్నేహితురాలు ఒకరుండేవారు, వ్యవసాయ కుటుంబం, అక్కడే స్కూల్లో పనిచేసేవారు. ఎస్టీడీ బూత్ నుంచి ఆవిడకి ఫోన్ చేసింది. శనివారం తీసుకెళ్దామని అనుకున్నాం. అతను శుక్రవారమే వచ్చేశాడు.

ఆ రోజు ఆటోనగర్‌కి పవర్ హాలిడే, కరెంటు లేక షెడ్డుకి సెలవు. నేను అరుగు మీద కూర్చుని ఉన్నాను, ఒళ్ళో గ్రంథం. మిట్టమధ్యాహ్నం. తోపుడు బళ్ళు పోతున్నాయి, మిరపఘాటుకి ఎవరో తుమ్ముతున్నారు. అంతా రోజూలాగే ఉంది. సందు మొదట్లో అతను కనపడ్డాడు. చేతిలో జామకాయల సంచి. నడక తొందరగా లేదు. పుస్తకంలో కళ్ళు పెట్టాను, ఒక్క అక్షరం కనపడలేదు.

"వందనాలు బ్రదర్" అన్నాడు. టీచరమ్మ గుమ్మంలోకి వచ్చింది. తలుపు రెక్క పట్టుకుంది. గాజులు చప్పుడు చేస్తున్నాయి.

"టీచర్ గారూ, మావాళ్ళు మీ ఇంట్లో ఏమైనా ఉన్నారాండీ? పిల్లలకి జామకాయలు తెచ్చాను."

నా తల్లో ఆ క్షణాన వాక్యాలు పరుగెత్తాయి. పసిబిడ్డల్ని చంపమన్న రాజుకి అబద్ధం చెప్పిన మంత్రసానులున్నారు. వేగులవాళ్ళని జనుప కట్టెల కింద దాచి, వెళ్ళిపోయారని చెప్పిన స్త్రీ ఉంది. వాళ్ళని దేవుడు దీవించాడు. అబద్ధం చెప్పండి టీచరమ్మ గారూ, చెప్పండి అని మనసులో మొత్తుకుంటున్నాను.

ఆవిడ చెప్పలేదు. "ఉన్నారు" అంది. "పంపను."

అతను ఈ జవాబుకి సిద్ధంగా లేడు. లేరంటే ఇల్లు వెతికేవాడు. తర్వాత పంపుతానంటే కూర్చునేవాడు. రెండు మాటలు చెప్పి ఒక ముసలావిడ వణుకుతూ నిలబడితే ఏం చెయ్యాలో అతనికి తెలియలేదు. ఎదురింటి పెద్దామె బియ్యం చాట పట్టుకుని బయటికి వచ్చింది. ఆమె వెనక ఇంకొకరు. కథ రోజున నవ్విన ఆడవాళ్ళే. వచ్చి నిలబడ్డారు, అంతే. నేను కూడా లేచి నిలబడ్డాను. నా కాళ్ళు నిలబడ్డాయి, నా ప్రమేయం ఏమీ లేదు.

అతను నవ్వాడు. జామకాయల సంచి అరుగు మీద పెట్టాడు. "మరి ఆదివారం డోలక్ ఎవరు వాయిస్తారు బ్రదర్?" అని నన్ను అడిగి, వచ్చినంత నిదానంగానే వెళ్ళిపోయాడు.

ఆ ప్రశ్న ఇప్పటికీ నాకు కలల్లో వినపడుతుంది.

శనివారం దాకా ఆగలేదు. షెడ్డులో బ్రేకులు చేసిన వ్యాను ఒకటి ఉంది, ట్రయల్ చూడాలి. ఓనరుకి నిజం చెప్పాను. తీసుకెళ్ళు, డీజిల్ పోయించు అన్నాడు, ఇంకేమీ అడగలేదు. పిల్లలిద్దర్నీ వ్యాను నేల మీద గోనెసంచుల మధ్య పడుకోబెట్టాం. తల్లి టీచరమ్మ బురఖా వేసుకుంది. టీచరమ్మ నా పక్కన కూర్చుంది, రోడ్డు దాటడానికే భయపడే మనిషి. మీరెందుకండీ, ఇంట్లో ఉండండి అంటే, "దారిలో నాకు భయమేస్తే చెబుతాను. నువ్వు బండి నడుపు" అంది.

కంకిపాడు దాటేదాకా అద్దంలో వెనక వచ్చే ప్రతి లారీ అతనిదే అనిపించింది. ఉయ్యూరు దగ్గర చెరుకు బళ్ళు అడ్డం పడి మొత్తం ఆగిపోయింది. వెనక ఒక లారీ హారన్ కొడుతోంది. బురఖాలో ఆ తల్లి వేళ్ళు నా సీటు వెనక పట్టుకుని ఉన్నాయి. అప్పుడు నేల మీద నుంచి ఆ చిన్నపిల్ల అడిగింది.

"టీచర్, ఆ కథలో మిగతా రెండు పిల్లిపిల్లలూ ఏమయ్యాయండీ?"

పిల్లలకి తియ్యటి అబద్ధం చెప్పడం టీచరమ్మకి రాదు. చెరుకు బళ్ళు కదిలాయి. ఆవిడ వెనక్కి తిరిగి, "పోయాయమ్మా. తల్లి ఒక్కతే మోసుకెళ్ళాలి కదా, ఒక్కొక్కటే. ఒకదాన్ని తీసుకెళుతున్నప్పుడు మిగతావాటికి కాపలా ఎవరూ లేరు" అంది. ఆ పిల్ల ఆలోచించింది. "మరి మనకి ముగ్గురు ఉన్నారు కదా" అని, తమ్ముడి మీద చెయ్యి వేసి పడుకుంది. ముగ్గురంటే తల్లి, టీచరమ్మ, నేనూ. నేను స్టీరింగ్ మీదికి వంగిపోయి నడిపాను, మొహం కనపడకుండా.

పామర్రులో ఆ స్నేహితురాలు వాకిట్లోనే నిలబడి ఉన్నారు. అన్నం వండి పెట్టారు. పిల్లలు అక్కడే చదువుకున్నారు. తల్లి ఆ స్కూల్లోనే ఆయాగా చేరింది. మొన్న నాకు ఫోన్ చేసింది ఆ చెయ్యి వంకర పిల్లే. ఇప్పుడు అక్కడే చిన్నపిల్లలకి పాఠాలు చెబుతోంది.

తర్వాత మా సంఘంలో కూర్చోబెట్టారు నన్ను. కాపురం విడదీసిన బోధకుడివి నువ్వు అన్నాడు సంఘపెద్ద. భార్య లోబడి ఉండాలన్న వాక్యం తీసి ముందు పెట్టాడు. నేనూ నా పుస్తకం తీశాను. దాని కిందే భర్తకి చెప్పింది కూడా ఉంది, చదవండి, కామా దగ్గర ఆగకుండా పేరా చివరిదాకా చదవండి అన్నాను. రెక్కల కింద పిల్లల్ని దాచుకునే కోడితో ప్రభువు తనని పోల్చుకున్నాడు, కోడి ఎందుకు రెక్కలు చాస్తుందో ఎప్పుడైనా ఆలోచించారా, పైన గద్ద ఉంటేనే కదా అన్నాను. కొందరు లేచి వెళ్ళిపోయారు. కొందరు ఉన్నారు. డోలక్ వాయించే మనిషి కొంతకాలానికి ఊరు మారాడు. ఎక్కడికో ఎవరూ చెప్పలేదు. తెలియకపోవడమే మాకు ఎక్కువ భయం.

ఆ భయం ఆవిడని వదల్లేదు. తలుపు వెనక స్టీలు పళ్ళెం ఆనించి పడుకునేది, ఎవరైనా తోస్తే చప్పుడు కావాలని. పిల్లి గోడ దూకినా ఉలిక్కిపడేది. ఒకసారి అడిగాను, ఇంత భయపడుతూ ఎందుకండీ మళ్ళీ మళ్ళీ అని. మళ్ళీ మళ్ళీ అని ఎందుకన్నానంటే, ఆ ముగ్గురితో అయిపోలేదు. కబురు ఎలా పాకిందో, ఏ గొడౌన్‌లో ఎవరు ఎవరికి చెప్పారో గాని, ఏడాదికి ఒకరో ఇద్దరో ఆ గుమ్మం ముందుకి వచ్చేవారు. ఆవిడ కారణం అడిగేది కాదు. టీ పెట్టేది.

"భయం పోయేదాకా ఆగుదామంటే నేను చచ్చేదాకా ఆగాలయ్యా" అంది నవ్వి. "భయంతోనే చెయ్యాలి. కుంటివాడు కుంటుతూనే నడుస్తాడు కదా."

ఆవిడ చివరి రోజుల్లో కథలు చదవడానికి చూపు ఆనేది కాదు. నేనే చదివి వినిపించేవాడిని. కామా దగ్గర ఆగేవాడిని. కథ అయ్యాక ఆవిడ ప్రశ్న అడిగేది, నేను తప్పు చెప్పేవాడిని, ఆవిడ గాల్లో వేలితో ప్రశ్నార్థకం గీసేది.

ఇదంతా నేను ఆవిడని పొగడడానికి రాయలేదు. మొన్న జరిగింది చెప్పడానికి రాశాను.

మూడో రోజు ఫాతిహా ప్రార్థన అయిపోయింది. చుట్టాలు వెళ్ళిపోయారు. అన్నగారి కొడుకు వాటాకి తాళం వేసి మసీదు దగ్గర ఎవరితోనో మాట్లాడుతున్నాడు. నేను మా గుమ్మంలో ఉన్నాను. ఒకామె వచ్చింది. నేను ఎప్పుడూ చూడలేదు. చంకలో పసిబిడ్డ, రెండో చేతిలో ప్లాస్టిక్ సంచి, అందులోంచి పిల్లల బట్టలు కనపడుతున్నాయి. తాళం వైపు చూసింది.

"టీచరమ్మ గారు లేరాండీ?"

"పోయారమ్మా" అన్నాను. "మొన్ననే పోయారు."

"అలాగాండీ" అంది. అంతే. ఉండమ్మా, తాళం తెస్తాను, ఇక్కడే కూర్చో, మా ఆవిడ వస్తుంది అని మసీదు వైపు పరుగెత్తాను. తాళం తీసుకుని తిరిగి వచ్చేసరికి అరుగు ఖాళీ. సందు చివరిదాకా పరుగెత్తాను. మెయిన్ బజారు. బస్తాల లారీలు, ఆటోలు, తోపుడు బళ్ళు, జనం. ఎటు చూసినా చంకలో బిడ్డతో ఎవరో ఒకరు. ఎటు తిరిగిందో తెలియలేదు. రెండు రోజులుగా సందు సందూ అడుగుతున్నాను. చూసినవాళ్ళు లేరు.

నాకు భయంగా ఉంది. పచ్చిగా చెబుతున్నాను. బోధకుడికి భయమేమిటంటే అనండి. ఆమె వెనక్కి, ఏ ఇంటి నుంచి వచ్చిందో ఆ ఇంటికే వెళ్ళి ఉంటే?

వెళ్ళకపోతే ఎవరో ఒకరి సందులోకే తిరిగి ఉంటుంది. అది మీ సందే కావచ్చు. ఈ పేజీలు ఆదివారం దాకా దాచుకుని, కూటంలో ఎవరికో చదివి వినిపించి, ఆమెన్ అనిపించుకోకండి. ఇప్పుడే లేవండి. తలుపు తియ్యండి. మీ అరుగు మీదికి, మెట్ల కిందికి, ఎదురింటి నీడలోకి చూడండి. సంచి పట్టుకుని ఎవరైనా నిలబడి ఉంటే ఎవరు, ఏ కులం, ఏ మతం, ఏం చేసి వచ్చావు అని అడగకండి. లోపలికి రామ్మా అనండి. చేతులు వణికితే వణకనివ్వండి. ఇవాళే, ఈ వెలుగు ఉండగానే.